గుమ్మం దాకా వచ్చిన తీగ

పొద్దున్నే పాల ప్యాకెట్ తీసుకుందామని తలుపు తీసిన చిన్నదానికి గుమ్మం మీద గుమ్మడి తీగ కొస కనపడింది. నిన్నటిదాకా అటు అద్దె గదుల వైపున్న తీగ మనింటికెందుకొచ్చింది?

ఆ తీగ వీధి చివర ఖాళీ స్థలంలోది. ఒకప్పుడు అక్కడ అందరూ చెత్త పోసేవాళ్ళు. ఇప్పుడు పగిలిన బకెట్లలో ఆకుకూరలు, పాత టైర్లలో టమాటాలు, ఓ మూల ఎరువు గొయ్యి. ఎవరూ విత్తనం వెయ్యకుండానే ఆ గొయ్యిలోంచి గుమ్మడి మొలిచింది. వీధిలో ఎవరు పస్తుంటే వాళ్ళ గుమ్మానికి రాత్రికి రాత్రి పాకేది. దానికెవరూ నోరు వెళ్ళబెట్టలేదు. పంపులో నీళ్ళొస్తే బిందె పెట్టుకోమూ, అలాగే తీగ ఎటు తిరిగితే అటు అన్నం డబ్బా పట్టుకెళ్ళేవాళ్ళు.

రోజూ సాయంత్రం ఇళ్ళల్లో, హోటల్లో, ఆఫీసు క్యాంటీన్లో మిగిలిన తిండి పోగేసి, స్థలంలోనే వేడి చేసి డబ్బాలకెత్తేవాళ్ళు. మొదటి డబ్బా తీగ చూపించిన ఇంటికి. పాత సామాన్లు కొనే ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎందుకు పస్తున్నారని అడక్కూడదు. పస్తున్న మనిషే వచ్చి తన చేత్తో తీసుకోవాలి. మధ్యలో ఇంకో చెయ్యి తగలకూడదు.

ఇదంతా దగ్గరుండి నడిపేది చిన్నదాని అమ్మే. వీధి మొత్తానికీ ఆవిడ పెద్దక్క.

"అమ్మా, తీగ మనింటికొచ్చిందే."

అమ్మ బయటికొచ్చి చూసింది. మొహంలో ఏమీ మారలేదు.

"దారి తప్పుంటుంది. నువ్వెళ్ళి ఆ ఇంటర్వ్యూ సంగతి చూసుకో, తిని కూర్చోక." కొస పట్టుకుని పక్కింటి టైలరమ్మ గుమ్మం వైపు తిప్పేసింది.

ఆ సాయంత్రం డబ్బా చూసి టైలరమ్మ పెద్దగా నవ్వింది. "నా పొయ్యి పొద్దుట్నుంచీ మండుతూనే ఉంది తల్లీ! మీ తీగకి చూపు మందగించినట్టుంది, నా కళ్ళజోడు పెట్టండి."

మర్నాడు కొస మళ్ళీ వీళ్ళ గుమ్మం మీదే ఉంది. అమ్మ మళ్ళీ తిప్పింది.

చిన్నదానికి ఇంటర్వ్యూకి చదవాలని కూర్చుంటే అక్షరాలు ఎక్కలేదు. ఇంట్లో ఉండేది నలుగురు. అన్నయ్య మారు వడ్డించుకోకుండా లేవడు. అమ్మ తన పక్కనే కూర్చుని తింటుంది. తన సంగతి చెప్పక్కర్లేదు, ఉద్యోగం రాలేదన్న దిగులుకి ఇంకో ముద్ద ఎక్కువే తింటోంది. ఇక మిగిలింది వదిన.

వదిన ఎప్పుడూ "తర్వాత తింటాలే" అంటుంది. ఈమధ్య ఉంగరం జారిపోతోందని దానికి దారం చుట్టుకుంది. అదేదో కొత్త ఫ్యాషననుకుంది చిన్నది.

ఆ పూట తినడం అవ్వగానే చిన్నది వంటింట్లోనే తచ్చాడింది. గిన్నెల్లో మిగిలిందంతా అమ్మ అడుగుదాకా గీకి స్థలానికి పట్టుకెళ్ళే డ్రమ్ములో వేసింది. "మన డ్రమ్మే ముందు వెళ్ళాలి" అని ఎత్తుకుపోయింది. వదిన కొంగు దోపుకుని గిన్నెల ముందు కూర్చుంది.

"వదినా, నువ్వు తిన్నావా?"

"తింటాలే."

"ఏం తింటావ్? గిన్నెలన్నీ కడిగేస్తున్నావుగా."

వదిన తలెత్తి చూసి నవ్వింది. "డిగ్రీ ఊరికే పోలేదమ్మాయ్."

"నవ్వకు. ఎన్నాళ్ళనుంచి?"

"మొదటిసారి అత్తయ్య మర్చిపోయి నా వాటా కూడా వేసేశారు. డ్రమ్ము నిండా తెచ్చారని వీధంతా మెచ్చుకున్నారు. రెండోసారి మర్చిపోయి కాదు, తెలిసే వేశారు."

"అన్నయ్యకి చెప్పలేదా?"

"చెప్పాను. పెద్దావిడతో గొడవెందుకు, మధ్యాహ్నం కాస్త ఎక్కువ తినమన్నారు. మధ్యాహ్నం గిన్నె మూత అత్తయ్య చేతిలో ఉంటుందని ఆయనకేం తెలుసు." గిన్నె బోర్లించింది. "నువ్వు ఏమీ అనకు. నీ ఉద్యోగమేదో రానీ ముందు."

చిన్నది తడి గిన్నె అందుకుని తుడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి రోజు తీగ గుమ్మం దగ్గర ఆగలేదు. సాయంత్రం అందరూ స్థలంలో వరస కడుతుండగా గోడ వెంట పాకి, తెరిచున్న తలుపులోంచి హాల్లోకి, అక్కణ్ణించి వంటింట్లోకి వచ్చింది. గిన్నెలు తోముతున్న వదిన మణికట్టుకి నులితీగ రెండు చుట్లు చుట్టుకుంది. నురగ చేత్తోనే వదిన దాన్ని విడదీయబోయి, మళ్ళీ ఎందుకో ఊరుకుంది.

తీగ వెంటే డబ్బా పట్టుకుని పాత సామాన్లాయన వచ్చాడు. ఆయన వెనకాల వరసలో వాళ్ళంతా వచ్చారు.

"తీగ లోపలికెళ్ళింది పెద్దక్కా."

"ఇటివ్వు, నేనిస్తాలే" అంటూ గుమ్మంలో నిలబడ్డ అమ్మ చెయ్యి చాపింది.

"మీ చేతికిస్తే పద్ధతి తప్పుతుంది కదా. మీకు తెలీనిదేముంది."

వదిన చేతికి తీగతోనే బయటికొచ్చింది. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకు పస్తున్నావని ఎవరూ అడగలేదు. పద్ధతి కదా. ఆ ఒక్కరోజుకీ పద్ధతి తప్పి అడిగుంటే బాగుండేది.

వదిన మెట్టు మీద కూర్చుని డబ్బా మూత తీసింది. లోపలున్నది తను వండిన కూరే. ఒక్క క్షణం అలా చూసి తినడం మొదలుపెట్టింది.

"మెల్లిగా తినమ్మా, ఇక్కడెవరూ లాక్కోరు" అంటూ టైలరమ్మ నీళ్ళు తెచ్చి పెట్టింది.

అమ్మ వెనక్కి తిరిగి, చిన్నది నిలబడున్న హాల్లోకొచ్చి తలుపు గడియ వేసింది. "వీధిలో తిన్న మనిషి వీధిలోనే ఉంటుంది. ఇంత పరువు తీశాక ఇంకేముంది నాకు?" అంది. చిన్నదానికి ఆవిణ్ణి చూసినా జాలేసింది, ఆ జాలికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

కాసేపటికి అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చాడు. కిటికీలోంచి చిన్నది చూస్తూనే ఉంది. మెట్టు మీద పెళ్ళాన్ని చూశాడు, మూసిన తలుపు చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తల దించుకుని సందులోంచి పెరటివైపుకి వెళ్ళాడు. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుని "అమ్మా, పెట్టు" అన్నాడు. అమ్మ అన్నయ్యకని ముందే తీసి ఉంచింది పెట్టింది.

బయట జనం పల్చబడ్డారు. తీగ వదిన చెయ్యి వదిలి, స్థలం వైపు వెనక్కి పాకుతోంది. ఈ ఇంట్లో పస్తున్నవాళ్ళు ఇప్పుడెవరూ లేరు మరి.

చిన్నది గడియ మీద చెయ్యేసి నిలబడింది. తీస్తే వదిన లోపలికొస్తుంది, అవే గిన్నెలు, అదే డ్రమ్ము. తియ్యకపోతే టైలరమ్మ ఈ ఒక్క రాత్రికి చాప వేస్తుందేమో, రేపటి సంగతి ఎవరు చూస్తారు? తనే వదిన చెయ్యి పట్టుకుని వెళ్ళిపోదామంటే ఎక్కడికి? తనకీ ఈ వంటింటి తిండే కదా ఆధారం.

వదిన ఒక్కసారి కూడా తలుపు కొట్టలేదు. పిలవలేదు. కిటికీ వైపు తలెత్తి చూస్తోంది, అంతే.

చిన్నదానికి ఇంట్లో అడగడానికి ఇంకెవరూ లేరు. అందుకే మిమ్మల్ని అడుగుతోంది. మీరైతే ఏం చేస్తారు? గడియ తియ్యమంటారా?