తుపాకి మీద తుడవకూడని చోటు

అట్టముక్క మీద అక్షరాలు గుండ్రంగా, పొందికగా ఉన్నాయి. తప్పు వాటిది కాదు, అవి చెబుతున్న మాటది.

"బ్రిటిష్ కాలంనాటి పురాతన రైఫిల్."

శివపార్వతి కళ్ళజోడు పైకి జరుపుకుని ఆ మాటను మళ్ళీ చదివింది. డెబ్బైతొమ్మిదేళ్ల వయసులో ఆమె దేన్నయినా రెండోసారి చదివిందంటే చూపు ఆనక కాదు. తప్పు రాసినవాళ్ళకు దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇస్తున్నదని అర్థం. బందరు కాలేజీలో ముప్పైమూడేళ్ల పాటు ఆమె దగ్గర చరిత్ర చదివినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

అట్టముక్కకు తెలియదు.

"ఇది రాసిందెవరు?"

"నేనే అమ్మమ్మా," అంది కీర్తన. ఇస్త్రీ మడత నలగని ఖాకీ దుస్తుల్లో, ఎర్ర కుచ్చు పెట్టిన టోపీలో నిటారుగా నిలబడి ఉంది. "బాగా రాలేదా?"

బెజవాడలో తాను డిగ్రీ చదివిన కాలేజీలోనే ఇప్పుడు మనవరాలు రెండో సంవత్సరం చదువుతోంది. అక్కడ ఆడపిల్లల ఎన్‌సీసీ విభాగం మొదలై అరవయ్యేళ్లయిందని, ఏలూరు కాలువ వైపు కిటికీలున్న పొడుగాటి హాల్లో ప్రదర్శన ఏర్పాటు చేశారు. మొదటి జట్టులో మిగిలినవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో మెట్లెక్కగలిగినది శివపార్వతి ఒక్కతే కనక, పదకొండింటికి రిబ్బను కత్తిరించవలసిందీ, ఆ పైన మాట్లాడవలసిందీ ఆమే. ఇప్పుడు పదింబావు.

ఉపన్యాసం చేతిసంచిలో ఉంది. దాని మొదటి వాక్యం: "1965లో ఈ కళాశాల ఆడపిల్లల చేతికి సరికొత్త తుపాకులు ఇచ్చింది." అది నిన్న పుట్టిన వాక్యం కాదు. పెళ్ళిచూపుల్లో చెప్పింది, ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పింది, ఏటా కొత్తగా చేరిన తరగతికి చెప్పింది. మగవాళ్ళు తిని లేచాక మిగిలినదే ఆడవాళ్ళ విస్తట్లో పడే ఇళ్ళలో పెరిగిన ఆమెకు, జీవితంలో ఒక్కసారి మొదటి వడ్డన దక్కిందన్న నమ్మకం ఆ వాక్యం. దాని మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేది కాదు.

"పురాతనం అంటే ఏమిటే?" అని అడిగింది. "అమరావతి స్తూపం పురాతనం. ఉండవల్లి గుహలు పురాతనం. నేను భుజాన మోసిన వస్తువు పురాతనమైతే, నన్ను ఏ గుహలో కూర్చోబెడతారు?"

కీర్తన నవ్వు ఆపుకోలేకపోయింది. "నిన్ను అనలేదు, తుపాకిని అన్నాను. చూడు, నిలువెల్లా చెక్క! ఒక్కో గుండుకీ బోల్టు వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. క్యాంపులో మాకు ఇన్సాస్ రైఫిల్ చూపిస్తేనే 'ఇదింకా ఉందా' అనుకున్నాం."

"ఆ ఇన్సాస్ ఎప్పటిది?"

ఈ ప్రశ్న కీర్తనకు కాదు, బల్ల అవతల భుజాన తుడుపుగుడ్డ వేసుకుని నిలబడ్డ బసవయ్యకు. గుడివాడ దగ్గర పల్లెటూరి మనిషి; పట్టాళంలో హవల్దారు, ఇక్కడ ఈ పిల్లలకు డ్రిల్లు నేర్పుతున్నాడు.

"నేను చేరిన కొత్తలో అదే కొత్తండీ మేడం. ఇప్పటికి పాతికేళ్ళు దాటింది," అన్నాడు. "మాకు డ్రిల్లు నేర్పిన ఉస్తాదు దాన్ని చూసి, 'ఈ ప్లాస్టిక్కు సామాను చంకలో పెట్టుకుని సంతకెళ్ళండిరా, కూరగాయలు తెచ్చుకోవచ్చు' అని ఏడిపించేవాడండీ. ఆయన లెక్కలో దానికి ముందు వాడిన ఎస్సెల్లార్ ఒక్కటే తుపాకి. ఇదిగో, ఈ త్రీ నాట్ త్రీ ఆయనక్కూడా ముసలిదే."

శివపార్వతికి కోపం తగ్గలేదు గాని, దాని పక్కన మరొకటి వచ్చి కూర్చుంది. నలభైఐదేళ్ల మనిషికి కొత్తగా తోచినది పంతొమ్మిదేళ్ల పిల్లకు పాతది. ఈ గీత ఎవరు గీస్తున్నారు, ఎక్కడ గీస్తున్నారు?

"ఉయ్యూరులో మా తాతగారి దగ్గర ఒకటుండేది," అంది. "చెరుకుతోటలో పడిన పందుల్ని బెదరగొట్టడానికి. గొట్టంలో మందు పోసి, కడ్డీతో కూరి పేల్చాలి. మా లెక్కలో పాత తుపాకి అంటే అది. ఆయన మాత్రం పోయేదాకా దాన్ని 'కొత్త తుపాకి' అనే పిలిచారు. వాళ్ళ నాన్నగారిది వత్తి ముట్టించి పేల్చేదట."

"అంటే ఎవరి చేతిలోది వాళ్ళకి కొత్తేనండీ."

"అది మీ అభిప్రాయం బసవయ్యగారూ. నాకు సంవత్సరం కావాలి. సంవత్సరం లేనిది చరిత్ర కాదు, కాలక్షేపం. కీర్తనా, ఇది తయారైన సంవత్సరం అట్ట మీద ఎందుకు వెయ్యలేదు?"

"కనపడలేదు అమ్మమ్మా." జవాబు ప్రశ్న ఇంకా పూర్తికాకముందే వచ్చింది. పిల్ల చూపు కిటికీ వైపు తిరిగింది.

శివపార్వతి బల్ల దగ్గరకు జరిగింది. ఎర్రగుడ్డ మీద తుపాకి పడుకుని ఉంది. పేలకుండా చేసి, కవాతుకు మాత్రమే వాడినది. చెక్కకు దిగేసిన ఇత్తడి బిళ్ళ మీద 27. అప్పట్లో శివపార్వతి మోసిన తుపాకి నంబరు అదే. బెటాలియన్ వాళ్ళ దగ్గర ఈ రకానివి మూడే మిగిలాయట. చిన్నప్పటినుంచీ ఆ అంకెను వింటూ పెరిగిన కీర్తన ప్రత్యేకంగా అడిగి దాన్నే తెప్పించింది. శివపార్వతి అరచెయ్యి చెక్క మీద ఆనించింది. అవిసె నూనె వాసన అలాగే ఉంది.

ఆ నూనె పట్టించడం నేర్పినవాడు బాలశౌరి మేస్టారు. గుణదల మనిషి, పట్టాళంలో పనిచేసి వచ్చినవాడు. మొదటి రోజు ఒక్కొక్కరి చేతికి ఒక్కో తుపాకి అందిస్తూ, "అమ్మాయిలూ, ఇప్పుడే పెట్టె విప్పాను, కొత్త సరుకు. మీ చేతులే మొదటి చేతులు," అన్నాడు. తరవాత ఒక నియమం పెట్టాడు. రోజూ అంతా తుడవాలి. బోల్టు పిడి కింద ఉండే ఇనప పట్టీ మీద గ్రీజు మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తుప్పు పడుతుంది. రెండేళ్లు ఒక్కరూ ముట్టుకోలేదు. క్రమశిక్షణ అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడల్లా శివపార్వతి మనవరాలికి ఆ కథే చెప్పేది.

ఇప్పుడు తుపాకి అంతా అద్దంలా తుడిచి ఉంది. ఆ పట్టీ మీద మాత్రం గ్రీజు మందంగా ఉంది. అరవయ్యేళ్ల గ్రీజు నల్లగా, గట్టిపడి ఉండాలి. ఇది పసుపుపచ్చగా, మెత్తగా ఉంది.

"ఈ గ్రీజు కొత్తది. ఎవరు పూశారు?"

బసవయ్య భుజం మీది గుడ్డ సర్దుకున్నాడు. "పాప పూయమందండీ..."

"సార్!" అంది కీర్తన.

"నేనేం చెయ్యనమ్మా, మేడం అడిగితే అబద్ధం చెప్పమంటావా?"

కీర్తన టోపీ తీసి చేతిలో తిప్పింది. "తుడవకూడదు, తుడవకూడదు అని నువ్వు అన్నన్నిసార్లు చెబితే, అసలక్కడ ఏముందో చూడాలని ఉండదా అమ్మమ్మా? నిన్న తుడిచేశాను. చూశాక మళ్ళీ పూయమన్నాను. పదకొండింటికి నువ్వు మాట్లాడాలి కదా. ఆ మొదటి వాక్యం నాకూ కంఠతా వచ్చు."

శివపార్వతి చెయ్యి చాపింది. బసవయ్య తుడుపుగుడ్డ ఆ చేతిలో పెట్టాడు. గ్రీజు రెండు తుడుపులకే పోయింది. సంచిలోంచి భూతద్దం తీసి వంగింది. ఒక కిరీటం. దాని కింద రెండక్షరాలు. వాటి కింద నాలుగు అంకెలు.

1917.

తీసివేత ఆమెకు కాగితం మీద చెయ్యవలసిన లెక్క కాదు. తన చేతికి వచ్చేనాటికే దాని వయసు నలభై ఎనిమిది. కీర్తన జట్టు వెక్కిరించిన ఇన్సాస్ వయసుకు దాదాపు రెట్టింపు. తన చేతులకు ముందు దాని మీద ఎన్ని చేతులు పడ్డాయో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. అయినా గుచ్చుకున్నది అది కాదు. శాసనాలు కనపడ్డ ప్రతి రాయి ముందూ విద్యార్థుల్ని నిలబెట్టి 'ముందు చదవండి, తరవాత నమ్మండి' అన్న మనిషి, రెండేళ్లు తన అరచేతి కిందే ఉన్న అంకెల్ని చదవలేదు. ఎవరో వద్దన్నారు కనక.

"మేస్టారు అబద్ధం చెప్పాడు," అంది.

"ఆడపిల్లలకి పాత సామాను పంపారని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని అనుకున్నారేమోనండీ," అన్నాడు బసవయ్య. "పెద్దాయన, మంచికే..."

"చిన్నబుచ్చుకునేదాన్నే. చిన్నబుచ్చుకుని ఊరుకునేదాన్ని కాదు, పైవాళ్ళకు ఉత్తరం రాసేదాన్ని. ఆ ఉత్తరం రాసే వీలు లేకుండా చెయ్యడానికి ఆయనెవరు?" గొంతు ఏమాత్రం పెరగలేదు, అందుకే బసవయ్య అడుగు వెనక్కి వేశాడు. ఆమె మనవరాలి వైపు తిరిగింది. "నువ్వు చేసింది మాత్రం వేరే పనా?"

"నువ్వు బాధపడతావని..."

"బాధపడాలో వద్దో చదివాక నేను చూసుకుంటాను. ముందు చదవనివ్వాలి కదే." గుడ్డ బసవయ్యకు తిరిగిచ్చేసి అంది: "తుడిచినందుకు మాత్రం నిన్నేమీ అనను. రెండేళ్లలో మా ముప్పైమందికీ తోచని పని అది. కొత్త అట్టముక్క ఉందా?"

ఉంది. కీర్తన పెన్ను అందించింది. శివపార్వతి నిలబడే రాసింది:

"త్రీ నాట్ త్రీ రైఫిల్. నంబరు 27. తయారీ 1917. 1965లో సరికొత్తదని చెప్పి మాకు ఇచ్చారు. మేము నమ్మాం."

"మరి 'పురాతన' తీసేశావేం?" అంది కీర్తన, కాస్త ధైర్యం వచ్చి. "వందేళ్లు దాటింది కదా. ఇప్పుడు నాదే రైటు."

"సంవత్సరం వేశాను. పాతదో కాదో ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటారు."

తరవాత ఉపన్యాసం తీసి మొదటి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. రెండోది, మూడోది చదివింది. అవి మొదటిదాని మీద నిలబడ్డవి. వాటినీ కొట్టేసింది. మిగిలిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసింది.

పదకొండింటికి ప్రిన్సిపాలు వచ్చారు, రిబ్బను తెగింది, చప్పట్లు అయ్యాయి. మైకు ముందు శివపార్వతి చెప్పినవి మూడే మాటలు: జరిగింది ఇది, నాకు తెలిసింది ఇవాళ, వచ్చి చదవండి. గౌరవ వందనానికి నిలబడ్డ అమ్మాయిలు తుపాకులు పక్కకు ఆనించి, వరసగా బల్ల దగ్గరకు వచ్చి, భూతద్దంలోంచి చూసి, ఒక్కొక్కరూ పైకి చదివారు. పంతొమ్మిది వందల పదిహేడు. ప్రతిసారీ ఆ అంకె ఆమె చెవికి కొత్తగానే తగిలింది.

వరసలో చివరిది అక్షయ అని మొదటి సంవత్సరం పిల్ల. చదివి వెనక్కి వెళ్ళలేదు. గోడకు ఆనించిన తన తుపాకి వైపు, తరవాత బసవయ్య వైపు చూసింది.

"సార్, రోజూ మేం డ్రిల్లు చేసేవి వేరే రకమైనా, వాటి మీద కూడా ఒకచోట గ్రీజు అలాగే ఉంటుంది కదా. తుడిచి చూడొచ్చా?"

హాలంతా బసవయ్య వైపు తిరిగింది. ఆయన ప్రిన్సిపాలును చూశాడు, శివపార్వతిని చూశాడు. మేడం రెండోసారి చూసేలోపే భుజం మీది గుడ్డ తీసి పిల్లకిచ్చాడు.

శివపార్వతి బల్ల మీది భూతద్దం అందుకుని అక్షయ వెనకే నడిచింది.