గుడ్డుకొక మాట

1969 జూన్ 11, బుధవారం. పొద్దుటి నుంచి నాంపల్లి మీద మబ్బు మూసుకునే ఉంది గాని ఒక్క చినుకు రాలలేదు. ఉక్కకు గోడలు కూడా చెమర్చాయి. తెలంగాణ ఉద్యమంతో ఊళ్లో కర్ఫ్యూ. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా సడలిస్తామని రేడియోలో చెప్పారు.

శేషారత్నం వసారాలో కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొట్టింది. రోజూ చేసే పనే. వంటిల్లు మడిది, గుడ్డు వసారా దాటి లోపలికి రాదు. ముందు అట్టు వేయాలి, తర్వాత తలమీదుగా నీళ్లు పోసుకోవాలి, ఆ పైన తన వంట.

అట్టు ఇంటి యజమాని ఇంద్రసేనగారికి. ఆయన ఒకప్పుడు ఆబిడ్స్‌లోని చైనా హోటల్లో ప్రతి గురువారం అదే తినేవారు. మోకాళ్లు పట్టేశాక ఆ హోటలు వంటాయనే ఓ మధ్యాహ్నం రిక్షాలో వచ్చి, వెనక గదిలో అద్దెకుంటున్న శేషారత్నానికి నేర్పాడు. క్యాబేజీ, ఉల్లికాడలు సన్నగా తరిగి గిలక్కొట్టిన గుడ్డులో కలపాలి. మందంగా పోసి రెండువైపులా ఎర్రగా కాల్చాలి. సోయా సాసు, మిరియాల పొడి, కాస్త కార్న్‌ఫ్లోర్ వేసి కాచిన చిక్కటి రసం పైన పోయాలి. అతనికి తెలుగు రాదు, ఈమెకు ఉర్దూ రాదు. చేతుల సైగలతోనే చదువు పూర్తయింది. అరవైరెండులో చైనాతో యుద్ధం వచ్చాక అతను కలకత్తా వెళ్లిపోయాడు. సరే, అతని కథ వేరు.

మొన్న శివరాత్రికి ఇంద్రసేనగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ తర్వాత ఈ అట్టు తిన్నప్పుడే మాట వచ్చేది, గుడ్డుకొక్క వాక్యం చొప్పున. డాక్టరు చీటీ మీద రోజుకొక గుడ్డు అని రాశాడు, ముఖ్యమైన పనులుంటే రెండు.

ఇవాళ ముఖ్యమైన పనే. వీలునామా రాయడానికి వకీలు జగన్మోహనరావు బషీర్‌బాగ్ నుంచి నడిచి వచ్చాడు. మేనల్లుడు శ్రీపతి అంతకు ముందే వచ్చి మంచాన్ని అంటిపెట్టుకుని కూర్చున్నాడు. ఇంద్రసేనగారు పెళ్లి చేసుకోలేదు. గౌలిగూడలో ఒక ఆసుపత్రి నర్సు వల్ల విమల అనే కూతురుంది గాని, ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వీలునామా లేకపోతే ఇల్లు శ్రీపతిదే.

"మామ పోంగనే గది ఖాళీ చెయ్యాలె, రత్నమ్మా. మీ దిక్కు బస్సులు నడుస్తనే ఉన్నయి," అన్నాడతను.

శేషారత్నం ఉల్లికాడలు తరుగుతూనే ఉంది. భర్త పోయాడు, పిల్లలు లేరు, మరో చోటు లేదు. "వెనక గది నీదేనమ్మా" అని ఇంద్రసేనగారు నోరున్న రోజుల్లో అనేవారు. ఆ మాట ఇవాళ కాగితం ఎక్కాలి. బందుల వల్ల బుట్టలో మూడే గుడ్లు మిగిలాయి.

మొదటి అట్టు తినిపించింది. వకీలు కలం తీశాడు. "చెప్పున్రి సాబ్, ఇల్లెవరికి?"

ఇంద్రసేనగారు మింగి, మొహం చిట్లించారు. "ఉప్పెక్కువైంది."

శ్రీపతి ఫక్కున నవ్వాడు. "రాస్కో వకీల్ సాబ్, రాస్కో!"

"సాసు కొత్త సీసా అండీ. నేను రుచి చూడను కదా, నాకెలా తెలుస్తుంది?" అంది శేషారత్నం ఏడుపు గొంతుతో.

రెండోది ఉప్పు తగ్గించి వేసింది. వకీలు నోరు తెరిచేలోగా శ్రీపతి వంగాడు. "మామా, ఉక్కపోస్తుందా? విసనకర్ర తేవాల్నా?"

"ఔ, జర తే," అనేసి ఇంద్రసేనగారు పెదవి కొరుక్కున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకో ముచ్చట మాట్లాడినవంటే బయట కూసోబెడత," అన్నాడు వకీలు. అప్పటికి ఐదున్నర.

డాక్టరు రెండే రాసినా, మిగిలిన మూడో గుడ్డూ ఆమె పగలగొట్టింది. ఉప్పు తేడా వస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు, ప్రాణం పోతున్నా ముందు ఉప్పు మాటే చెబుతారు. అట్టు దింపి, రసం పోసి, గుమ్మం వైపు ఒకసారి చూసి, అంచు తుంచి నోట్లో వేసుకుంది. నలభై తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఉప్పు సరిగ్గా ఉంది.

ఇంద్రసేనగారు తిన్నారు. "ఈ ఇల్లు మొత్తం..." అన్నారు. అంతే. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. ఆయన శేషారత్నం వైపు చూశారు.

మిగతా మాట ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. తుంచి తిన్న ముక్కతో పాటు తన గొంతులోనే కదులుతోంది. అది తన పేరే కావాలని మనసులో దేవుళ్లందరికీ మొక్కింది. అది తన పేరు కాదని నాలుక మీదికి రాకముందే అర్థమై, అరచేత్తో నోరు మూసుకుంది. మాట వెక్కిలిలా తోసుకొచ్చింది.

"నా బిడ్డ విమలకు రాయున్రి."

"గా ముచ్చట ఆమె నోట్లకెంచి వచ్చింది! చెల్లదు!" శ్రీపతి లేచాడు.

వకీలు తల ఎత్తకుండా రాస్తూనే ఉన్నాడు. "గుడ్డు ఒకటే గద. అబద్ధమాడేదైతే తన పేరే చెప్పుకుంటుండె."

ఇంద్రసేనగారు వేలిముద్ర వేశారు. పక్కింటివాళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టి, ఆరు కొట్టేలోగా తలుపులేసుకున్నారు.

ఆషాఢంలో ఆయన పోయారు. కర్మలన్నీ అయిన మర్నాడు ముప్పై ఏళ్ల విమల ట్రంకు పెట్టెతో రిక్షా దిగింది. శేషారత్నం మూట కట్టుకుని వసారాలో నిలబడి ఉంది.

"నన్ను బిడ్డా అన్నది నువ్వేనంట గద?"

"నేను కాదమ్మా, మీ నాన్నగారు."

"ఆయన నోట నేనెన్నడు వినలే. నువ్వన్నది ఊరంతా విన్నరు." విమల ఆ మూట అందుకుని వెనక గదిలో పెట్టి వచ్చింది.

ఇల్లు విమలకు వచ్చింది. గోడ గడియారం శ్రీపతి ఎవర్నీ అడక్కుండా పట్టుకుపోయాడు. వీలునామాలో శేషారత్నం పేరు ఎక్కడా లేదు, ఆమెకు ఏమీ రాలేదు.