మూడో పడక

టైలరమ్మ మనిషి పేరు మరిచిపోతుందేమో గానీ చేతి పొడుగు మరిచిపోదు. ఊరందరి కొలతలూ ఆవిడకి నోటికొచ్చు. ముప్పై ఏళ్ళు ఒకే కిటికీ పక్కన ఒకే మిషను తొక్కింది. ఎందరి పెళ్ళిబట్టలో కుట్టింది, తనవి కుట్టుకునే తీరిక మాత్రం దొరకలేదు. యాభయ్యో ఏట ఒక పొద్దున దారం తెంపి లేచి, "వానలు మొదలయ్యేదాకా నీళ్ళ మీద ఉంటాను" అంది.

"ఒక్కదానివి ఎలా ఉంటావక్కా?" అన్నాడు తలుపులు చేసే తమ్ముడు. అక్క మీద బెంగ సగం, పడవ మీద ఆశ సగం, తనూ బయల్దేరాడు.

ఇద్దరూ కలిసి ఒక ముసలాయన దగ్గర పాత తెరచాప పడవ కొన్నారు. తాళాలు ఇస్తూ ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. "కుడివైపు కిటికీ కారుతుంది. చుక్కాని కాస్త ఎడమకి లాగుతుంది. లోపల ఎంతమంది ఉండాలో అన్ని పడకలుంటాయి. నా పెళ్ళికి ముందు ఒకటే ఉండేది. కవలలు పుడతారనగా పొద్దున లేచి చూస్తే నాలుగయ్యాయి. పిల్లలు వెళ్ళిపోయాక మళ్ళీ తగ్గాయి."

"కిటికీకి లప్పం పెడితే చాలంటారా?" అని అడిగాడు తమ్ముడు.

లోపల చూస్తే పడకలు రెండే. లెక్క సరిపోయింది.

పడవల యార్డులో దిమ్మల మీద నిలబెట్టిన ఆ పడవకి రోజూ ఏడింటికల్లా సేవ మొదలయ్యేది. తమ్ముడు పాత రంగు గీకి, పుచ్చిన చెక్క తీసి కొత్తది వేసేవాడు. అక్క షెడ్డులో తెరచాప పరిచి చిరుగులకి మాసికలు వేసేది. పదింటికి క్రేన్ ఆపరేటర్ వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని టీ తాగుతూ, తెరచాప రెండో కొస పట్టుకునేవాడు. అతన్ని అందరూ నిచ్చెన అంటారు. ఆరడుగుల మూడంగుళాలు. అతను తల తగిలించుకోని గుమ్మం ఆ ఊళ్ళో తమ్ముడు చేసినది ఒక్కటే, అదీ అక్క కొలత చెబితే చేసింది.

సోమవారం నిచ్చెన గ్లాసు కింద పెడుతూ, "కొత్త క్రేన్ వస్తోందండీ. మీట నొక్కితే చాలట, యార్డు ఓనరమ్మే నడుపుకుంటుంది. శనివారం మీ పడవ దింపడమే నా ఆఖరి పని. మూడు గంటల బస్సుకి మా అన్నయ్య ఊరికి వెళ్ళిపోతాను" అన్నాడు.

"అలాగా" అంది టైలరమ్మ. సూది వేలిలో దిగింది.

నాలుగేళ్ళుగా ఆవిడకి ఆ మనిషంటే ఇష్టం. అతనికీ ఇష్టమేనని ఆవిడ అనుమానం. ఆడవాళ్ళ అనుమానాలు ఊరికే పోవు. కానీ ఎవరు ముందు నోరు విప్పాలో తేలక నాలుగేళ్ళూ తెరచాపల గురించే మాట్లాడుకున్నారు.

అప్పటికే తమ్ముడు తన ఘనకార్యం తను చేసి ఉన్నాడు. తలుపులవాడికి సందు కనబడితే నిద్రపట్టదు. పడవ పలకల మధ్య చీమ దూరే చోటు లేకుండా మూడు రోజులు నార దట్టించి, పైన గట్టి లప్పం పట్టించాడు. ఆ సోమవారం సాయంత్రం నిచ్చెన వచ్చి పలక మీద అరచెయ్యి వేసి చూశాడు.

"మేస్త్రీ, తలుపు నీళ్ళు తాగదు, పడవ తాగుతుంది. ఇంత బిగిస్తే ఎండిన చెక్క ఉబ్బడానికి చోటేది? పలకలు పగులుతాయి. కాస్త వదలండి."

తమ్ముడు మూతి ముడుచుకున్నాడు. అయినా ఉలి తీసుకుని పెట్టినదంతా గీకాడు. చెరో పక్క ఇద్దరూ గీకారు.

మంగళవారం పొద్దున పడవలోంచి తమ్ముడి కేక వినిపించింది. "అక్కా, మూడో పడక వచ్చింది! సరిగ్గా నేను నీళ్ళ ట్యాంకు పెడదామనుకున్న చోటే!"

ముందు గదిలో, ఒక గోడ నుంచి మొదలై అలమర కింద నుంచి దూరిపోయి, పొడుగ్గా ఉంది. తమ్ముడు రంపం తెచ్చి కోసేశాడు. బుధవారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ కోశాడు. గురువారం తలాపున కళ్ళజోడు పెట్టుకునే చిన్న అరతో సహా వచ్చింది. తమ్ముడు దాని అంచు మీద వేలితో రాసి నొచ్చుకున్నాడు. "ఈ పడవ నాకంటే బాగా చిత్రిక పడుతోంది."

"పడవకి లేని ఇరుకు నీకెందుకురా? ట్యాంకు నా పడక కింద పెట్టు. దీనికి నేను పరుపు కుడతాను" అని అక్క మెడలోని టేపు తీసింది.

ఆరున్నర అడుగులు. ఆవిడ టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మనిషి కొలతకి మూడంగుళాలు కలిపి కత్తిరించడం ఆవిడ అలవాటు. పడవా అలాగే కలిపింది.

ఆ సాయంత్రం నీలం కాన్వాసు ఒళ్ళో వేసుకుని పరుపు కుడుతుంటే తమ్ముడు దాని పొడుగు చూశాడు. బయట క్రేన్ చూశాడు. అక్క మొహం చూశాడు. రంపం తీసుకెళ్ళి పెట్టె అడుగున పెట్టి వచ్చాడు.

"అడిగెయ్యక్కా."

"ఏమని అడగను? పడక వచ్చింది, మీరూ రండి అనా?"

"అలాగే అడుగు."

"నోరు రావట్లేదురా" అంది టైలరమ్మ. ఆ మాట నిజం. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శనివారం నిచ్చెన పడవని బెల్టుల మీద ఎత్తి, పసిపిల్లని తొట్లో వేసినంత నెమ్మదిగా నీళ్ళలోకి దింపాడు. అన్ని సందుల్లోంచీ నీళ్ళు లోపలికి వచ్చాయి. రావాలి కూడా. చెక్క తాగి ఉబ్బి, సందులు మూసుకునేదాకా రెండు రోజులు ఎవరో ఒకరు చేతిపంపుతో తోడుతూనే ఉండాలి. తమ్ముడు పావుగంట తోడి, "అబ్బా, నడుం!" అని కుడిపక్క పట్టుకున్నాడు. కాసేపటికి ఎడమపక్క పట్టుకున్నాడు.

"తప్పుకోండి మేస్త్రీ, బస్సుకి టైముందిలెండి" అని నిచ్చెన సంచీ పక్కన పెట్టి పంపు అందుకున్నాడు.

రెండున్నర దాకా తోడాడు. చొక్కా తడిసిపోయింది. టైలరమ్మ టీ ఇచ్చి, మెట్ల దగ్గర నిలబడి, నేలకేసి చూస్తూ, "కాస్త నడుం వాల్చండి. ముందు గదిలో పడకుంది" అంది.

అతను తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. పడక చూశాడు, నీలం పరుపు చూశాడు. "ఇదెవరికండీ?"

"కొలత చూస్తే తెలియట్లేదా?" అంది టైలరమ్మ. నాలుగేళ్ళ మాట ఒక్కసారిగా బయటికి వచ్చింది. "వెళ్ళకండి. మాతో రండి. మీరు వెళ్ళిపోతే నాకు బాగుండదు."

నిచ్చెన టీ గ్లాసు కింద పెట్టాడు. కూర్చుని, పడుకుని, అలవాటు కొద్దీ మోకాళ్ళు ముడుచుకున్నాడు. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోమన్నారు పెద్దలు. అతనికి సరిపడా మంచం ఏ పెద్దలూ చేయించలేదు.

"చాచండి" అంది టైలరమ్మ.

అతను భయం భయంగా చాచాడు. కాళ్ళు వెళ్ళాయి, ఇంకా వెళ్ళాయి. దేనికీ తగల్లేదు. అతను మోచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. "నా కాళ్ళు ఇంత పొడుగని నాకే తెలీదండీ" అన్నాడు.

మూడింటికి రోడ్డు మీద బస్సు ఆగి రెండుసార్లు హారన్ కొట్టింది. డ్రైవరుకి నిచ్చెన తెలుసు, కాసేపు ఆగాడు కూడా. నడుం నొప్పి సంగతే మరిచిపోయి హుషారుగా పంపు కొడుతున్న తమ్ముడు, ఒక చెయ్యి ఎత్తి పొమ్మన్నట్టు ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది.

తమ్ముడు ముందు గదిలోకి తల పెట్టి, "బావగారూ, బస్సు వెళ్ళిపోయింది" అన్నాడు.

నీలం పరుపు చివర కాలివేళ్ళు ఒకసారి కదిలాయి. వాటికీ గోడకీ మధ్య ఇంకా మూడంగుళాల చోటుంది.