వీపు మీద పేరు

నానాజీ పోయిన మర్నాడు, పొద్దుటి షిఫ్టు మొదలవకముందే అందర్నీ గేటు లోపల నిలబెట్టి మైకులో చెప్పేశారు. మాస్కు పెట్టుకోకుండా రసాయనాలు కలిపే రియాక్టర్ గదిలోకి వెళ్లాడట, అందుకే గ్యాసు పీల్చి పోయాడట. చెప్పినవాడు మేనేజరు దేవీప్రసాద్. కాస్త గొంతు కూడా వణికించాడు. "మన కుటుంబ సభ్యుణ్ణి పోగొట్టుకున్నాం," అన్నాడు. బతికున్నన్నాళ్లూ కాంట్రాక్టు కూలీగా ఉన్న నానాజీ ప్రాణం పోగానే కుటుంబ సభ్యుడైపోయాడు. ఇంత చవగ్గా ప్రమోషన్ ఇంకెవరిస్తారు?

వరస చివర నిలబడ్డ నర్సు లావణ్య తన చేతుల వంక చూసుకుంది. నానాజీ ముఖానికి మాస్కు ఉంది. ఆమెకు బాగా తెలుసు. ఆ మాస్కు తీసింది ఆమే.

అచ్యుతాపురంలో మందులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో లావణ్య ఫస్ట్ ఎయిడ్ గది చూసుకుంటుంది. వేలు తెగితే కట్టు, కళ్లు మండితే చుక్కలు, అంతే పని. ముందురోజు భోజనాల వేళ సైరన్ మోగింది. అందరూ బయటికి పరుగెత్తుతుంటే ఆమె సూటు తొడుక్కుని లోపలికి పరుగెత్తింది.

ఒళ్లంతా కప్పే తెల్ల సూటు, రెండు జతల గ్లౌజులు, ముఖమంతా మూసేసే మాస్కు. అవి తొడుక్కున్న మనిషికి లోకం దూరమైపోతుంది. తన ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినపడదు. అద్దానికి ఆవిరి పట్టి ఎదురుగా ఉన్నది మనిషో మూటో కూడా తెలియదు. రియాక్టర్ గది గుమ్మంలో నానాజీ పడి ఉన్నాడు. అప్పటికే ఇంకో తెల్ల సూటు మనిషి అతని చంకల కింద చేతులేసి లాగుతున్నాడు. ఆమె కాళ్లు పట్టుకుంది. ఇద్దరూ కలిసి గాలాడే తలుపు దగ్గరికి చేర్చారు.

అక్కడ నానాజీ మాస్కు ఊడదీసింది. తీయక తప్పదు. ఊపిరి ఆగిన మనిషికి మాస్కు మీంచి గాలి ఎక్కించలేరు. పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. రెండు పొరల రబ్బరు కింద ఏదో కొట్టుకుంటోంది. అది అతని నాడో, తన వేళ్లలోని నాడో తెలియలేదు. ఇక ఆగలేదు. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. తను వెంట తెచ్చిన, ఆక్సిజన్ తగిలించిన గాలి సంచిని రెండో మనిషి చేతికిచ్చి, నొక్కమని సైగ చేసింది.

ఆ మనిషి భయంతో దాన్ని పిండేస్తున్నాడు. అలా పిండితే గాలి పొట్టలోకి పోతుంది. "మెల్లగా! మెల్లగా!" అని ఆమె అరిచింది. అరుపు ఆమె మాస్కులోనే ఉండిపోయింది. ఇక లాభం లేదని అతని చేతి మీద ఫట్‌మని ఒక్కటి వేసింది. అప్పుడు అర్థమైంది అతనికి. ఆమె ఆగినప్పుడల్లా అతను మెల్లగా నొక్కాడు. మాట లేదు, ముఖం లేదు. అయినా ఆ కాసేపూ ఆమె ఒంటరిది కాదు.

అంబులెన్సు అనకాపల్లి ఆస్పత్రికి చేరేలోపే నానాజీ పోయాడు. ఆమె తిరిగొచ్చి చూసేసరికి ఆ రెండో మనిషి లేడు, మాస్కూ లేదు. నేలంతా నీళ్లతో కడిగేసి ఉంది.

ఇదివరకైతే ఆ మనిషి ఎవరో తెలిసేది. సూట్లలో అందరూ ఒక్కలాగే ఉంటారని పనివాళ్లు వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవారు. ఎవరి వీపు మీద వాళ్లు రాసుకోలేరు కాబట్టి పక్కవాడు రాసేవాడు. నానాజీ అయితే పేరు కింద చేప బొమ్మ కూడా గీయించుకునేవాడు, రాంబిల్లిలో చేపల వేటకెళ్లే ఇంటి పిల్లాడు మరి. విదేశాల నుంచి తనిఖీకి వస్తున్నారని, ఈ రాతలు రోతగా ఉన్నాయని దేవీప్రసాద్ అవన్నీ మాన్పించాడు. సూటు తెల్లగా ఉంటే చాలు, లోపల ఎవరుంటే ఏం!

మైకులో చెప్పిన రోజు మధ్యాహ్నమే లావణ్యను ఏసీ గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"మీరు వెళ్లేసరికి అతనికి మాస్కు లేదు. కదా?"

"ఉంది సార్. నేనే తీశాను."

"ఆలోచించుకోండి," అన్నాడు మెత్తగా. "మాస్కు లేదంటే తప్పు అతనిది. ఉందంటే, గ్యాసు మధ్యలో మాస్కు పీకేసిన తప్పు మీది. పోలీసులకు ఏ మాట చెప్పమంటారు?"

"ఊపిరాడని మనిషికి మాస్కు తీయకుండా..."

"అవన్నీ కోర్టులో చెప్పుకోవాలి. మీ మాటకు సాక్షి ఎవరున్నారు?"

లావణ్య టీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

ముట్టుకోలేదన్న సంగతి ఎవరికి తెలుసు? ఏసీ గదిలో టీ ఇచ్చారన్న కబురు మాత్రం సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కేలోపే అందరికీ చేరిపోయింది. ఆ బస్సులో ముందు సీట్లు పర్మనెంటు వాళ్లవి, వెనక సీట్లు కాంట్రాక్టు వాళ్లవి. ఎవరూ రాయలేదు, ఎవరూ మీరలేదు. లావణ్య ఇటూ కాదు, అటూ కాదు. తలుపు పక్క సీట్లో కూర్చుంటుంది. ఎంత రద్దీగా ఉన్నా ఆ రోజు ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

వెనక నుంచి సత్తియ్య అందరికీ వినపడేలా అన్నాడు. నానాజీతో కలిసి పనిచేసిన పెద్దమనిషి. "ఏసీలో టీ తాగినోళ్లకి గాలాడక సచ్చినోడి బాదేటి తెలుత్తాది!"

ఆమె తల తిప్పలేదు. బస్సులో కమ్మీలు పట్టుకున్న చేతుల్ని ఒక్కొక్కటిగా చూసింది. ఆ సంచి నొక్కింది వీటిలో ఏ చెయ్యి? అనకాపల్లి గవరపాలెంలో అద్దెగదికి చేరి అన్నం వండుకుంది, తినలేక మూతపెట్టేసింది. నిజం చెబితే జైలు. చెప్పకపోతే చచ్చిపోయినవాడి మీద తప్పు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఆ ఊళ్లో ఆమెకు ఎవరూ లేరు. బాగా ఏడ్చింది.

దినకార్యం కాకుండానే నానాజీ భార్య మరిడమ్మ వచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంది. పొద్దుటి బస్సులు దిగిన కాంట్రాక్టు వాళ్లు లోపలికి వెళ్లకుండా ఆమె చుట్టూ కూర్చున్నారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు సూట్లు కూడా విప్పకుండా వచ్చి కలిశారు. పర్మనెంటు వాళ్లు మాత్రం సైకిల్ షెడ్డు నీడలో నిలబడి చూస్తున్నారు. దేవీప్రసాద్ గేటు లోపలినుంచే, మాస్కు పెట్టుకోలేదన్న పాత పాట అందుకున్నాడు.

మరిడమ్మ లేచింది. "పోపు గాటుకే ముక్కుకి తువ్వాలు అడ్డెట్టుకునే మనిసి బాబూ మా ఆయన. ఇసంలోకి మాస్కెట్టుకోకుండా ఎల్తాడా? సూసినోళ్లు ఒక్కరైనా నేరా?"

దిగబోయి బస్సు మెట్టు మీదే ఆగిపోయిన లావణ్య ఆ మాట విన్నది. ఇక ఉండలేకపోయింది. దిగి గుంపు మధ్యకి నడిచింది.

"మాస్కుంది," అంది. "నేనే తీసేను."

ఒక్కసారిగా గోలైపోయింది. "నువ్వు తీసేవా?" "మనిసిని సంపేసి నోరు మూసుకున్నావా?" గేటు లోపల దేవీప్రసాద్ నవ్వాడు. "విన్నారుగా, ఆవిడే ఒప్పుకుంది!"

"ఊపిరాగిపోయిన మనిసికి మాస్కు తీయకుండా గాలెలాగిత్తాను?" అని అరిచింది లావణ్య. "నాతో పాటు ఇంకో మనిసున్నాడు. గాలి సంచి నొక్కేడు. ముఖం తెలీదు, పేరు తెలీదు. మీలోనే ఎక్కడో ఉన్నావు బాబూ. ఒక్కసారి వచ్చి నిలబడు."

ఎవరూ కదల్లేదు. అంతమంది మధ్య నిలబడి ఆమె ఎదురుచూసింది. సూటు లోపల, ఆ గ్యాసులో కూడా ఆమెకు ఇంత దిక్కులేనితనం అనిపించలేదు.

సైకిల్ షెడ్డు నీడలోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. పర్మనెంటు వాళ్ల యూనియన్ లీడరు త్రినాధరావు. బస్సులో మొదటి సీటు ఎప్పుడూ ఆయనదే. వచ్చి ఆమె ముందు చెయ్యి చాపాడు.

"గట్టిగా పిండేత్తన్నానని ఈ సేతి మీద కొట్టేవు సెల్లెమ్మా."

ఆ దెబ్బ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని భోరుమంది.

"ఇన్నాళ్లూ నోరెందుకు పెగల్నేదు త్రినాధరావు గారూ?" అన్నాడు సత్తియ్య.

"భయమేసింది. నన్నూ ఏసీ గదికి పిలిసేరు," అన్నాడాయన గుంపు వైపు తిరిగి. "మాస్కుంది. దాని ఫిల్టరే సచ్చిపోయింది. మేం వాడేసిన ఫిల్టర్లే తుడిసి కాంట్రాక్టోళ్లకిత్తన్నారు. మాకు తెలుసు. మా ముక్కులు బాగున్నాయి గదా అని ఊరుకున్నాం. ఆ ఊరుకోడమే నానాజీని తినేసింది. కొత్త ఫిల్టరంటే అందరికీ కొత్తదే. అప్పటిదాకా మేమూ లోపలికెళ్లం."

షెడ్డు నీడ ఖాళీ అయింది. త్రినాధరావు సత్తియ్య ముందు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "రాయ్ బావా, నా పేరు."

సత్తియ్య జేబులోంచి మార్కర్ తీసి ఆ చొక్కా వీపు మీద పెద్దగా రాశాడు. తర్వాత త్రినాధరావు సత్తియ్య వీపు మీద రాశాడు. మార్కర్లు చేతులు మారాయి. సూట్లున్నవాళ్లు సూట్ల మీద, లేనివాళ్లు చొక్కాల మీద, చీర కొంగుల మీద. పర్మనెంటు చెయ్యి కాంట్రాక్టు వీపు మీద, కాంట్రాక్టు చెయ్యి పర్మనెంటు వీపు మీద.

అంతలో పోలీసు జీపు రానే వచ్చింది. మాస్కు తీసి మనిషిని చంపిందని కంపెనీ ఫిర్యాదు. "లావణ్య ఎవరు? ఎక్కు," అన్నాడు ఎస్సై.

"ఆగండి బాబూ," అంది మరిడమ్మ. ఎవరి చేతిలోదో మార్కర్ తీసుకుని లావణ్య తెల్ల కోటు వెనక్కి వెళ్లింది. మరిడమ్మకు చదువు రాదు. పేరు రాయలేదు. వీపు మీద ఒక గీత వంగి వెళ్లి తిరిగొచ్చి తోక దగ్గర కలిసింది. ఏం గీసిందో లావణ్యకు చూడకుండానే తెలిసింది. ఒక్కక్షణం కళ్లు మూసుకుని, వెళ్లి జీపెక్కింది.

వెనకే త్రినాధరావు కాలు పైకి పెట్టాడు. "నిన్నెవడు పిలిచాడు?" అన్నాడు ఎస్సై.

"గాలి సంచి నొక్కింది నేను. సగం నేరం నాది," అన్నాడాయన. "కాత్త జరుగు సెల్లెమ్మా."

లావణ్య జరిగింది. ఆమె పక్కన ఆయన కూర్చున్నాడు.

డ్రైవరు జీపు స్టార్టు చేశాడు. జీపు ముందు రోడ్డు మీద మరిడమ్మ, ఆమె పక్కన సత్తియ్య, వాళ్ల పక్కన అందరూ జీపు వైపు వీపులు తిప్పి కూర్చున్నారు. రోడ్డు నిండా పేర్లే. లావణ్య వాటిని పైకి చదవడం మొదలుపెట్టింది. ఎస్సై నోరు మూసుకోమన్నాడు. ఆమె చదువుతూనే ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఒక్క వీపూ కదల్లేదు.