కళ్లం గాలి

ముప్పై ఆరేళ్ల గిరిప్రసాద్ పరీక్షకు తయారవుతున్నాడంటే సత్యవేడు పక్కనున్న ఆ ఊళ్లో ఎవరూ వింతపడలేదు. అది దారం విసిరే పరీక్ష అని తెలిశాక మాత్రం ఒక్కొక్కరే పని కల్పించుకుని వాళ్ల పొలం వైపు వచ్చి చూసిపోయారు.

రోజూ పొద్దున ఎండ ముదరకముందే గిరిప్రసాద్ కళ్లంలో నిలబడేవాడు. చేతిలో తొమ్మిది అడుగుల సన్నటి గాలపు కర్ర. దానికి లావుపాటి పచ్చదారం, ఆ దారం కొసకు కంటికి ఆనని సన్నదారం, దాని చివర కొక్కెం ఉండాల్సిన చోట ఎర్ర ఉన్ని ముడి. నీళ్లు లేవు, చేపలు లేవు, కొక్కెం కూడా లేదు. ఎండిన నేల మీద ఒక మగమనిషి గంటల తరబడి దారాన్ని వెనక్కీ ముందుకీ ఆడించి వదులుతుంటే చూసేవాళ్ల నోళ్లు ఊరుకుంటాయా?

"ఏందన్నా దొరసామన్నా, మీవోడు సెనక్కాయలకు గాలమేస్తా ఉండాడా?" అన్నాడు పక్క చేని మునిరత్నం, గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటూ.

"పడితే నీకూ నాలుగు పంపిస్తాలే. ముందు ఆడ్నించి లెయ్యి, దారం తగులుతాది," అన్నాడు దొరస్వామి.

పైకి అలా నవ్వేశాడు గానీ, కొడుకు పని నవ్వులాట కాదని ఆ తండ్రికి తెలుసు. గిరిప్రసాద్ నీలగిరి కొండల్లో చేపలు పట్టే షోకున్న పెద్దమనుషుల క్లబ్బులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. వాళ్ల వెంట బుట్ట మోయడం, పడవ కడగడం, చెట్టుకు చిక్కిన దారాలు విడదీయడం అతని ఉద్యోగం. ఆ మోతల మధ్యే చూసిచూసి దారం విసరడం నేర్చుకున్నాడు. దాన్ని నలుగురికి నేర్పే మాస్టరు కావాలంటే పరీక్ష ప్యాసవ్వాలి. పరీక్ష పెట్టే తెల్లాయన రెండేళ్లకొకసారి గానీ రాడు. కిందటిసారి, అంటే 2002లో, అన్నీ బాగా చేసి ఒక్కదాంట్లో తప్పాడు. ఈసారీ తప్పితే బయటి నుంచి మాస్టరును తెచ్చుకుంటామని క్లబ్బువాళ్లు మొహం మీదే చెప్పేశారు. అంటే మళ్లీ బుట్ట, మళ్లీ పడవ, చేతుల్లో ఓపిక ఉన్నంతకాలం అదే. ఆ క్లబ్బులో అందరి కళ్ల ముందూ సాధన చేయాలంటే మొహమాటమై, సెలవు పెట్టి ఆడినెల మొదట్లో, జులై నడిమికి, ఊరికి వచ్చాడు.

తప్పింది కుడి వంపులో.

ఏటి నడుమ బండ చాటున చేప ఉందనుకోండి. దారం తిన్నగా పోతే బండకు తగులుకుంటుంది, చేపా జారుకుంటుంది. అందుకని దారం బండ పక్కగా పోయి, కొస మాత్రం కొడవలిలా తిరిగి బండ వెనకాల వాలాలి. ఎడమకు తిప్పడం గిరిప్రసాద్‌కు ఎప్పుడో పట్టుబడింది. కర్రను పక్కవాటుగా ఊపి, కాస్త ఎక్కువ బలం పెట్టి టక్కున ఆపితే కొస తన్నుకుని ఎడమకు తిరుగుతుంది. కుడికి తిప్పాలంటే బలం తగ్గించాలి. దారం పూర్తిగా విప్పుకోకముందే దాని ఊపు చావాలి. అప్పుడు కొస ముందుకు పోలేక కుడిపక్కకే వాలిపోతుంది. మరీ తగ్గిస్తే దారమంతా కుప్పగా పడుతుంది, పిసరంత ఎక్కువైతే గీత గీసినట్టు తిన్నగా పోతుంది.

ఇది విన్ననాడే దొరస్వామికి దిగులు పట్టుకుంది. ఆ పిల్లవాడికి చిన్నప్పటి నుంచి తను నేర్పిందల్లా బలం పెట్టడమే. దుక్కిలో మడక పట్టినా, గునపం పట్టినా "ఇంకా గట్టిగా" అన్నాడే తప్ప "కాస్త వదులు" అని ఏనాడూ అనలేదు.

అందుకే ఆ ఒక్క సాయమైనా చేద్దామని కళ్లం చూపించాడు. "ఈడ నున్నంగా ఉంటాది. ముల్లు లేదు, రాయి లేదు, నీ దారం చెడిపోదు. తూరుపుకు నిలబడితే ఎండ కండ్లలో పడతాది, ఉత్తరానికి తిరుగు," అన్నాడు. ఇంట్లోంచి పాత రోకలి తెచ్చి నడుమ పాతి, ఇదే నీ బండ అనుకోమన్నాడు. కుడి పక్క ఉన్ని ముడి పడాల్సిన చోట సైకిలు టైరు పరిచాడు. రోకలి పోయినందుకు చంద్రకాంతమ్మ మొగుణ్ణి రెండు రోజులు సాధించింది.

మొదటి రెండు వారాలు టైరులో ఒక్కటీ పడలేదు. గిరిప్రసాద్ అన్నం ముందు కూర్చుని కూడా కుడిచేతి మణికట్టును తిప్పుకుంటూ ఉండేవాడు. ఆడిగాలి ముదిరిన వారంలో ఒక పొద్దున దారం రోకలి దాటి, అలవోకగా కుడికి వంగి, ఎర్ర ముడిని టైరు నడుమ పెట్టింది. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. మూడోది పడగానే కర్ర కింద పెట్టేసి తండ్రి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సూసినావా నాయనా? వచ్చేసింది! చెయ్యి దానంతట అదే సదురుకునింది!"

"సూసినా, సూసినా," అన్నాడు దొరస్వామి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజు చంద్రకాంతమ్మ ఓళిగలు చేసింది. కొడుకు ఆరు తిన్నాడని ఊళ్లో కనిపించినవాళ్లందరికీ చెప్పింది. ఆ తర్వాత పది రోజులు, పదిసార్లు వేస్తే ఏడెనిమిదిసార్లు ముడి టైరులోనే పడింది. మునిరత్నం కూడా గట్టు మీద నుంచి లేచి చప్పట్లు కొట్టాడు.

పరీక్ష ఆదివారం. శుక్రవారం పొద్దున బస్సెక్కాలి. ఆ వారం సోమవారంనాడు దొరస్వామి విత్తనాలకని వొలిచిన సెనక్కాయలు చేటలో పోసుకుని కళ్లానికి వెళ్లాడు. కొడుకు దారం వేస్తూనే ఉన్నాడు. అడ్డం రాకుండా వెనకగా నిలబడి, చేట తలదాకా ఎత్తి మెల్లగా వంచాడు. గింజలు కాళ్ల దగ్గర పడ్డాయి. పొట్టు మాత్రం కుడికి కొట్టుకుపోయి, ఎర్ర ఉన్ని ముడి ఏ వంపు తిరుగుతోందో అదే వంపు తిరిగి నేలకు వాలింది.

దొరస్వామి చేట అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

గాలి ఒక నిమిషం ఆగింది. దారం తిన్నగా పోయి రోకలి పక్కన చాపుకుని పడింది. "ఛ, చెయ్యి తప్పింది," అన్నాడు గిరిప్రసాద్. గాలి మళ్లీ ఎత్తుకుంది. చెయ్యి మళ్లీ కుదిరింది.

కళ్లం ఎవరూ ఎక్కడ పడితే అక్కడ వేసుకోరు. దొరస్వామి తాత పొలంలో నాలుగు చోట్ల పొట్టు ఎగరేసి చూసి, తాటిచెట్ల సందులోంచి పడమటి గాలి సూటిగా వచ్చే ఈ చోటును ఎంచాడు. అరవై ఏళ్లుగా ఈ ఇంటి గింజను పొట్టు నుంచి వేరుచేసింది ఆ గాలే. అది తెలిసిన మనిషే కొడుకును తీసుకొచ్చి ఆ గాలికి ఎడమ భుజం ఇచ్చి నిలబెట్టాడు. ముల్లు లేదన్నాడు, రాయి లేదన్నాడు. గాలి సంగతి మాత్రం ఈ పెద్దమనిషి బుర్రకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఏమీ ఎరగనట్టు అడిగాడు. "ఏం గిరీ, ఆడ పరీక్షలో గాలి బాగా ఉంటాదా?"

"గాలా? ఆ తెల్లాయన గాలి లేని తావు సూసి నిలబెడతాడు నాయనా. గాలి మింద నెపం పెట్టగూడదని. చుట్టూ కొండ, సవుకు చెట్లు. ఆకు గూడా కదలదు."

"వాడికిప్పుడు గాలైతేనేం, వానైతేనేం," అంది చంద్రకాంతమ్మ, కొడుకు పళ్లెంలో ఇంకో ముద్ద పెడుతూ.

దొరస్వామి సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? రెండు వారాల్లో రానిది నాలుగు రోజుల్లో వస్తుందా? ఉన్న ధైర్యం కూడా పోయి, వచ్చిన ఎడమ వంపు కూడా తప్పితే? చెప్పకపోతే అక్కడ, ఆ తెల్లాయన ముందు, పదిమంది చూస్తుండగా తెలుస్తుంది. ఎటు ఆలోచించినా కొడుకు మొహమే ఎదురొచ్చేది. సోమవారం పోయింది. మంగళవారం రెండుసార్లు నోరు తెరిచి, ఎరువు సంగతి మాట్లాడి మూసుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం పని లేకపోయినా మునిరత్నం చేలో కూర్చుని వచ్చాడు. కడుపున పుట్టిన బిడ్డకు ఒక మాట చెప్పలేని తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున ఇక ఉండలేకపోయాడు. కళ్లం దారిలో కొడుకును ఆపాడు.

"ఇయ్యాల మామిడితోపులో వెయ్యి గిరీ."

"ఆడెందుకు నాయనా?"

"నాకోసరం. ఒగసారి."

కాపు అయిపోయిన తోపు. వరసల నడుమ ట్రాక్టరు పోయేంత వెడల్పు దారి, ఇరుపక్కలా ముదురు చెట్లు దట్టంగా అల్లుకుని ఉన్నాయి. ఒక ఆకు కదలడం లేదు. దొరస్వామి రోకలి పాతి, టైరు పరిచి, పక్కకు తప్పుకున్నాడు.

మొదటి దారం తిన్నగా పోయింది. రెండోదీ అంతే. గిరిప్రసాద్ నవ్వి, చెయ్యి విదిలించుకుని, కాళ్లు సర్దుకున్నాడు. అయిదోదానికి నవ్వు పోయింది. బలం తగ్గించాడు, దారం కుప్పగా పడింది. పిసరు పెంచాడు, తిన్నగా పోయింది. పన్నెండోది వేశాక కర్ర దించి, తలెత్తి చెట్ల ఆకుల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దూరంగా, ఎండలో దుమ్ము లేస్తున్న కళ్లం వైపు చూశాడు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"సోమారం."

"మూడు దినాలాయ నాయనా." అరవలేదు. అరిచినా బాగుండేది. "సోమారమే చెప్పింటే మూడు దినాలుండేది గదా."

"చెప్పాలనే అనుకున్నా. నోరు రాలేదురా. నువ్వు నవ్వుతా ఉండావు." దొరస్వామి ఒక అడుగు ముందుకొచ్చాడు. "కళ్లంలో నిలబెట్టింది నేనే. నన్ను తిట్టు."

గిరిప్రసాద్ మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. చంద్రకాంతమ్మ క్యారియర్‌లో అన్నం తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, చెట్టు కింద పెట్టి వెళ్లింది. ఎవరూ ముట్టలేదు. ఎండ నడినెత్తి మీది నుంచి పడమటికి జారింది. వేసిన వందల్లో మూడో నాలుగో వంగాయి. అవి ఎలా వంగాయో వేసినవాడికే తెలియలేదు. బొటనవేలి దగ్గర బొబ్బ చిట్లి కర్ర పిడికి నెత్తురు అంటింది. అయినా ఆపలేదు. చూడలేక దొరస్వామి లేచి ఇంటివైపు నడిచాడు.

తిరిగి వచ్చేసరికి అతని చేతుల్లో చేట ఉంది.

కొడుకు ఎడమ పక్కగా, నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాడు. చేటను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, పొయ్యి విసిరినట్టు దారం వైపు విసరడం మొదలుపెట్టాడు. డెబ్బై ఏళ్ల భుజాలు పైకీ కిందకీ లేచాయి. ఎండుటాకులు రెండు కదిలి ఆగిపోయాయి. ఉన్ని ముడి దానిపాటికి అది తిన్నగా పోయి రోకలికి ఇవతలే పడింది. దొరస్వామి ఆపలేదు. ఇంకా గట్టిగా విసిరాడు, బలమంతా పెట్టి, నోటితో ఊపిరి తీస్తూ.

గిరిప్రసాద్ కర్ర దించాడు. తండ్రిని చూస్తుంటే నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది.

"రేపు ఆడికి గూడా చేట ఎత్తుకోని వస్తావా నాయనా?"

"వస్తా," అన్నాడు దొరస్వామి, విసరడం ఆపకుండానే. "నువ్వు వెయ్యి."