లాలి తుప్పు

పొద్దున లాలి షెడ్డు గేటు దాటంగనే రాంబాబు పని ఆపి ముందుగాల ఆమె మొహం చూస్తడు. నవ్వు మొహమైతే సరే, తన రంగు డబ్బాలు తను కలుపుకుంటడు. కనుబొమ్మలు ముడేసుకొని వచ్చిందా, ఒక్క ఉరుకున పోయి సుత్తెలు, పానాలు, గొలుసులు అన్నీ టార్పాలిన్ కింద దాస్తడు. దాసినంక, "అక్కా, జర సల్ల తాగు" అని చెంబు చేతికిస్తడు. ఆ చెంబు కూడా అల్యూమినియందే. ఎందుకంటే కోపంల ఉన్నప్పుడు లాలి ముట్టుకున్న ఇనుము తుప్పు పడతది.

ఇందుల వింతేం లేదు. కొందరి చేతి వంట రుచిగుంటది, కొందరి చెయ్యి తగిలితే తోడు పెట్టిన పాలు విరుగుతయి, లాలికి గిది. బస్సు కండక్టరు కూడా ఎరుకే, "అక్కా, కడ్డీ పట్టుకోకు, వచ్చి కూసో" అని ఎట్లనో ఒక సీటు ఖాళీ చేయిస్తడు. కారేపల్లి దిక్కు తండాల పుట్టినప్పటి నుంచి ఆమె ముట్టుకున్న కొడవళ్లు, గొడ్డళ్లు జనం భయపడి పారేసుకునేటోళ్లు. ఒక్క పాత పెనం మాత్రం ఎందుకు పారెయ్యలేదో తల్లి సోమ్లికే ఎరుక. ఇప్పుడు తల్లి, చెల్లె కవిత, లాలి ముగ్గురూ భద్రాచలంల కిరాయి ఇంట్ల ఉంటున్నరు.

అసుంటి మనిషికి దొరికిన కొలువేంది? తుప్పు తీసే కొలువు! "తెచ్చేదీ నువ్వే, తీసేదీ నువ్వే, నీకు పనికి కరువేంది" అని షెడ్డుల నవ్వేటోళ్లు. లాలి కూడా నవ్వేది. నవ్వక ఏం జేస్తది, ఆ పనంటే ఆమెకు పానం.

షెడ్డు వెంకటకృష్ణది. వాళ్ల తాతలు కోస్తా నుంచొచ్చి సత్తుపల్లి దిక్కు భూములు కొన్నరు. ఈయన భూములు వదిలి లాంచీల మీద పడ్డడు. భద్రాచలం దిగువన గోదారి గట్టు మీద షెడ్డు వేసి, టూరిస్టు లాంచీలను ఒడ్డుకు గుంజి రిపేర్లు చేయిస్తడు. ముందుగాల గాలి పైపుతోని ఇసుక కొట్టి తుప్పు దీసేటోళ్లు. ఆ దుమ్మంతా పోయి పక్కన మిర్చి కళ్లాలల్ల పడేది. రైతులు కర్రలు పట్టుకొని వస్తే, అప్పుడు ఇగ తప్పక లేజర్ మిషన్ తెచ్చిండు. చిన్న బీరువంత డబ్బా, దానికి పొడుగాటి కేబులు, కేబులు కొసకు తుపాకి లెక్క ఒక పిడి. మీట నొక్కితే సన్నటి వెలుగు గీత ప్లేటు మీద అటూ ఇటూ ఊగుతది. చిటపటమని పాత రంగూ తుప్పూ పొగై లేస్తయి, కింద ఇనుము కడిగిన గిన్నె లెక్క బయటపడతది. మంచి ఇనుమును ఆ వెలుగు ఏమనదు. కండ్లకు పచ్చద్దాలు పెట్టుకొని ఆ పిడి పట్టుకుంటే లాలికి లోకం యాదికుండేది కాదు. కోపం రానే రాదు. శుభ్రమైన ప్లేటుకు గోదారి చెమ్మ తగలకముందే రాంబాబు వెనకాలే వచ్చి ప్రైమర్ పూసేటోడు.

ఆ ఎండాకాలం "సువర్ణ" అనే పెద్ద లాంచి ఒడ్డుకెక్కింది. అది వేరే ఎవరిదో కాదు, వెంకటకృష్ణదే. రంగేసుకొని దిగంగనే దాంట్ల వంటమనిషిగ చేరబోయేది కవిత. చెల్లెకు కొలువు దొరికిందని లాలి ఆ లాంచిని మరింత మురిపెంగ తోమింది. ముందర దిక్కు కొత్త ప్లేట్లు, తళతళ మెరిసినయి. వెనక, వంటగది కిందికి రాంగనే పొగ రంగు మారింది. ఇనుము వాసన కాదు, ఏదో కాలిన రబ్బరు కంపు. లాలి మీట వదిలి అద్దాలు నెత్తి మీదికి జరిపి చూసింది. రంగు కింద ఇనుము కాదు, బొక్కలు పూడ్చే లప్పం. బెత్తెడు మందాన లప్పం! స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే అది ఇనుములకు కాదు, అవతలికే పోయింది.

లాలి స్క్రూడ్రైవర్ అట్లనే వదిలి వెంకటకృష్ణను పిలిచింది.

"సార్, చూడున్రి. గీడ ప్లేటే లేదు. లప్పం మీద రంగేసి తిప్పిన్రు. గీ తావంతా కోసి కొత్త ప్లేట్లు అతకాలె."

వెంకటకృష్ణ వంగి చూసిండు. ఒక్క క్షణం ఆయన మొహం తెల్లబడ్డది, లాలి చూసింది. కానీ ఆయన లేచి నిలబడేసరికి ఆ మొహం మళ్లీ మామూలైంది.

"ఏంటమ్మా లాలీ, పొద్దున్నే ఎవరిమీద కోపమొచ్చింది నీకు?"

"నాకేం కోపం సార్? గిది పాత తుప్పు. నల్లగ, పొరలు పొరలుగ లేస్తాంది. చూడున్రి."

"నువ్వు ముట్టుకుంటే తుప్పు పడుతుందని ఊరంతా తెలుసు. ఇన్నేళ్లు నీళ్లలో తిరిగిన లాంచికి లేని బొక్క నువ్వు చెయ్యేస్తేనే వచ్చిందా? నీ కోపానికి నా లాంచి ఏం చేసిందమ్మా? నా మంచితనం కొద్దీ పనిచ్చాను, అదీ నా తప్పు!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎంత సులువుగ తోసేసిండు చూడున్రి! పనోళ్లందరూ చుట్టూ చేరిన్రు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, లాలి దిక్కు మాట్లాడలే. రాంబాబు తల దించుకున్నడు. పోయినేడు ఆ లప్పం పెట్టింది ఎవరు మరి? వెంకటకృష్ణ చెప్తే పెట్టింది రాంబాబే.

లాలికి అప్పుడొచ్చింది కోపం. ముట్టుకుంటే లాంచి తుప్పు పడతది, అప్పుడు ఈయన మాటే నిజమైతది. అందుకని చేతులు సంకల కింద పెట్టుకొని విసవిస ఇసుకలకు నడిచిపోయి కూసున్నది. ఇసుక తుప్పు పట్టదు గదా. వెనక నుంచి వెంకటకృష్ణ గొంతు వినబడ్డది. "రాంబాబూ, లప్పం పెట్టి ప్రైమర్ కొట్టు. దిగే ముహూర్తం దగ్గరికొచ్చింది."

ఇంటికి పోయి చెల్లెకు చెప్పింది. "గా లాంచి ఎక్కకు కవితా. నీ వంటగది కింద ప్లేటు లేదు. నీకు ఈత రాదు."

కవిత కూరగాయలు తరిగే కత్తిని ముందుగాల పక్కకు జరిపింది, అక్క ముట్టుకుంటదేమోనని. ఆ జరుపుడు లాలి చూడనే చూసింది.

"సార్ ఫోన్ చేసిండు అక్కా. నువ్వు కోపంల ప్లేటు మీద చెయ్యేసినవంట గదా. నాకు ఒక్క కొలువు దొరికితే గది కూడా నీ తుప్పుకే బలి గావాల్నా?"

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. పరాయోడు అన్నడంటే అన్నడు, ఒక్క కడుపున పుట్టినది గూడ గదే మాట! లాలి మొహం గోడ దిక్కు తిప్పుకున్నది. గోడకు కొట్టిన ఇనుప మేకు పట్టుకొని నిలబడ్డది, అది చేతిల ఎర్రగ మారింది.

సోమ్లి మూలన కూసొని రొట్టెలు చేస్తాంది. లేచి వచ్చి, తడిగుడ్డతోని ఆ మేకు తుడిచింది. మేకు మళ్లీ నల్లగ, కొత్తగ బయటపడ్డది.

"యాడీ, పోయిందా?" అని తల్లిని అడిగింది లాలి.

"ఎప్పుడూ పోయేదే. జనానికి ఓపిక లేక పారేసుకున్నరు, నేను తుడుచుకొని వాడుకున్న. గా పెనం నీ చిన్నప్పటిది. ఎన్నిసార్లు ముట్టుకున్నవో, ఇప్పటికీ దాని మీదనే రొట్టె కాలుతాంది." సోమ్లి మళ్లీ పోయి పొయ్యి ముందర కూసున్నది. "నీ తుప్పు పైపైది బిడ్డా. లోపలికి దిగదు."

కవిత వినలేదు, లేచి బయటికి పోయింది. లాలి మాత్రం ఆ పెనం దిక్కు చాన సేపు చూసింది.

లాంచి దించే రోజు పొద్దున్నే షామియానా వేసిన్రు. లాంచి తిప్పుకోనీకి పర్మిషన్ రాసే సర్కారు సారొచ్చిండు, పేపరోళ్లు వచ్చిన్రు. సువర్ణ తెల్లటి రంగేసుకొని పెళ్లికూతురు లెక్క నిలబడ్డది. పైన కవిత కొత్త చీర కట్టుకొని వంటగదిల గిన్నెలు సర్దుతాంది. ఆ గట్టున ఒక పద్ధతుంది. లాంచి నీళ్లల్ల దిగే ముందు, దాని ఒళ్లు తోమినోళ్లు ముందర కొమ్ము మీద పసుపు చెయ్యి అద్దాలె. చెయ్యి అద్దకుండా దించితే గోదారి ఒప్పుకోదంటరు. వెంకటకృష్ణకు గది బాగ యాదికుంది. పసుపు గిన్నె తనే తెచ్చి లాలి ముందర పట్టిండు.

"జరిగింది మరిచిపో అమ్మా. పేపర్లో ఫోటో వస్తుంది, లేజర్ పట్టిన తండా ఆడపిల్ల అని. నవ్వుతూ అద్దు, సరేనా?"

చూసిన్రా మాట! నిందేసిన నోటితోనే నవ్వమంటడు. ఊరంతా ఎదురుగ ఉంటే ఇది ఎదురు చెప్పదులే అనుకున్నడు. ఆడదాని కోపం ఒక ఫోటోకు సల్లారుతదని అనుకున్నడు చూడు, గదీ ఆయన చేసిన తప్పు.

"సరే సార్" అన్నది లాలి.

రెండు చేతులూ పసుపుల ముంచి కొమ్ము మీద పెట్టింది. పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి మింగిన కోపమంతా, పారేసిన కొడవళ్లు, దాచిన సుత్తెలు, చెల్లె పక్కకు జరిపిన కత్తి, అన్నీ ఒక్కసారి చేతులల్లకు వచ్చినయి. ఈసారి ఆమె ఆపలే. ఎందుకు ఆపాలె? పసుపు చుట్టూ తెల్లరంగు బుడగలెత్తింది. బుడగలు పగిలి ఎర్రటి తుప్పు పాకింది, కొమ్ము నుంచి పక్కలకు, పక్కల నుంచి అడుగుకు, ఆనించిన నిచ్చెనకు. జనం వెనక్కి జరిగిన్రు. వింత చూసి కాదు, పట్టుచీరలకు తుప్పు అంటుతదని.

వెంకటకృష్ణ ఎగిరి గంతేసినంత పని చేసిండు. "చూశారా సార్! చూశారుగా అందరూ! నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నా, ఈ మనిషే నా లాంచిని తినేసింది!"

లాలి చేతులు కొంగుకు తుడుచుకున్నది. మెడల ఉన్న పచ్చద్దాలు కండ్లకు పెట్టుకొని పోయి లేజర్ పిడి అందుకున్నది. కరెంటు బటను రాంబాబు పక్కన ఉంది. లాలి ఆయన దిక్కు చూసింది.

"ఎయ్యకురా!" అని వెంకటకృష్ణ అరిచిండు.

రాంబాబు బటను నొక్కిండు. నొక్కి, "అందరూ అటు తిరగున్రి, కండ్లు పోతయి!" అని కేకేసిండు. అందరూ తిరిగిన్రు. చిటపట చప్పుడొక్కటే వినబడ్డది.

ముందుగాల కొమ్ము తోమింది. పొగ పోయినంక, "ఇప్పుడు చూడున్రి" అన్నది. లాలి కోపం తాకిన ఇనుము మచ్చ లేకుండా, గుంట లేకుండా మెరుస్తాంది. పర్మిషన్ సారు గోటితోని తట్టి చూసిండు. కంగుమన్నది.

అప్పుడు వెనక్కి నడిచింది. వంటగది కింద వెలుగు ఆనంగనే నల్లటి పొగ లేచింది, అదే రబ్బరు కంపు. లప్పం పెళ్లలు పెళ్లలుగ ఊడి ఇసుకల పడ్డది. మీట వదిలేసరికి అక్కడ చాటంత బొక్క. అంచులు నల్లగ, పొరలు పొరలుగ, ఎన్నేండ్ల నాటివో.

"గది నాది, కడిగితే పోయింది" అన్నది లాలి, కొమ్ము చూపించుకుంట. ఇగ బొక్క దిక్కు వేలు చూపింది. "గిది నీది, సార్. గిది కడిగితే పోదు. నా చెల్లెను దీని మీద నిలబెట్టినవ్."

పర్మిషన్ సారు కాయితం మీద సంతకం పెట్టకుండనే కారు దిక్కు నడిచిండు. వెంకటకృష్ణ ఆయన వెనక ఉరికిండు. పేపరోళ్లు బొక్క దిక్కు ఉరికిన్రు.

అప్పుడే పైన వంటగదిల ఎవరో కింది చెక్క లేపిన చప్పుడైంది. కింద చీకటి ఉండాల్సిన తావుల, చెక్కల సందుల నుంచి ఎండ కనబడితే ఎవరైనా చూడకుంట ఉంటరా? కవిత వంగి చూసింది. ఆ బొక్కల నుంచి కింద ఇసుక కనబడ్డది, ఇసుకల లప్పం పెళ్లలు, వాటి నడుమ పచ్చద్దాలు పెట్టుకొని తల పైకెత్తి చూస్తున్న అక్క.

"దిగు" అన్నది లాలి.

కవిత ఎర్రబడ్డ ఇనుప నిచ్చెన పట్టుకొని మెల్లగ దిగింది.  కవిత అరచేతుల నిండా ఎర్రటి తుప్పు. ఇద్దరూ నీళ్ల దాకా నడిచిపోయిన్రు. కవిత గోదారిల చేతులు కడుక్కున్నది.

కడిగితే పోయింది.