దొరకని సూది మొన

గార్మెంట్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సూది విరిగిందంటే ముక్కలన్నీ దొరకాల్సిందే. దొరికినవాటిని కాగితం మీద టేపుతో అంటించి, సూది మొత్తం వచ్చిందని సూపర్‌వైజరుకు చూపిస్తేనే కొత్త సూది ఇచ్చేవారు. ఒక్క ముక్క తగ్గినా ఆ బట్ట అక్కణ్ణించి కదిలేది కాదు. "పసిపిల్లల బట్టలమ్మా ఇవి, ఆటలనుకున్నారా!" అని కొత్తగా చేరినవాళ్లను ఝాడించి పెట్టింది కూడా ఈవిడే.

అలాంటి నాయనమ్మ, నిన్న సాయంత్రం సొంత మనవరాలి గౌను దగ్గర ఆ పద్ధతికి నీళ్లొదిలేసింది.

మనవరాళ్లిద్దరికీ ఒకే గుడ్డలోంచి గౌన్లు కుడుతోంది. నాలుగేళ్ల పెద్దదానిది అయిపోయింది. పది నెలల చిన్నదానికి నడుం దగ్గర కుచ్చులు పెడుతుంటే, మందంగా ఉన్నచోట సూది టప్పుమని విరిగింది. ఒక ముక్క మిషన్‌కే ఉంది, ఒకటి ఒళ్లో పడింది. మొన మాత్రం లేదు. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో. కళ్లల్లో వత్తులేసుకుని వెతికింది. ఫ్రిజ్‌కు అంటించిన అయస్కాంతం పీకి తెచ్చి మిషన్ చుట్టూ తిప్పింది. గౌను దులిపింది, తడిమింది. ఊహూఁ, లేదు.

కోడల్ని పిలిచి చెప్పొచ్చుగా? చెప్పదు. పోయిన నెల పెద్దదాని చొక్కాలో గుండుసూది మర్చిపోతే, "అత్తయ్యా, మీకు చూపు ఆనడం లేదు. ఇంకోసారి ఇలా అయితే మిషన్ తీసేద్దాం" అంది కోడలు. అరవలేదు పాపం, మెల్లగానే అంది. మెల్లగా అంది కాబట్టే నిజంగా తీసేస్తుందని ఈవిడకు భయం పట్టుకుంది. మిషన్ లేకపోతే పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చోవాలి కదా! అందుకని, ఏ బీరువా కిందికో ఎగిరి పడుంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుని, కొత్త సూది బిగించి గౌను పూర్తి చేసేసింది మహాతల్లి.

పొద్దున కోడలు పిల్లలిద్దరికీ ఆ గౌన్లే తొడిగి పుట్టింటికి బయల్దేరింది. "ఎంత ముద్దుగా ఉన్నాయో అత్తయ్యా!" అని మురిసిపోయింది కూడా. నాయనమ్మ ఓ నవ్వు నవ్వింది తప్ప నోరు పెగల్లేదు. వాళ్లటు వెళ్లారో లేదో, నేల మీద చతికిలబడి బీరువా కిందికి చీపురు పోనిచ్చింది. ఒక గుండీ, బోలెడు దుమ్ము, పెద్దదాని రంగు పెన్సిలు ముక్క వచ్చాయి. ఆ వయసులో బీరువాను కూడా జరిపింది. అయస్కాంతం అంగుళం అంగుళం తిప్పింది. నేల శుభ్రంగా ఉంది.

నేల మీద లేదంటే మరెక్కడున్నట్టు? గౌనులోనే. చిన్నది దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. గౌను అంచు చప్పరిస్తూనే ఉంటుంది. మొన గొంతులోకి పోతే? చేతికి అంటుకుని ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటే? కోడలికి ఫోను చేసింది. ఫోను వంటగదిలోనే మోగింది. ఇంకేముంది, పై ప్రాణాలు పైనే పోయాయి.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. బస్టాపు రెండు వీధుల అవతల. బస్సు రాకూడదు, రాకూడదు అని గొణుక్కుంటూ పడుతూ లేస్తూ పోయింది. మలుపు తిరిగేసరికి చిన్నదాని ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదది.

"ఏమైంది అత్తయ్యా, అలా వస్తున్నారేంటి?" అంది కోడలు, పిల్లను భుజం మీద ఊపుతూ. "ఇదేమో ఇందాకట్నుంచీ ఒకటే గుక్క. ఎందుకో తెలీట్లేదు."

గుండీ ఊడిందనో, కొలత తప్పిందనో ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో పిల్ల మళ్లీ కెవ్వుమంది.

"గౌను విప్పెయ్యమ్మా! సూది విరిగి మొన అందులో ఉండిపోయింది!"

కోడలు పిల్లను బెంచీ మీద పడుకోబెట్టి గౌను లాగేసింది. నడుం పక్కన గీరుకుపోయి ఒక రక్తపు చుక్క. అత్తాకోడళ్లిద్దరూ పిల్ల గుప్పిళ్లు విప్పి చూశారు, నోరు తెరిచి చూశారు. ఏమీ లేదు. కోడలు గౌను తిరగేసి కుచ్చుల వెంట గోరు పోనిచ్చింది. రెండు పొరల మధ్యనుంచి పొడుచుకొచ్చిన మొన తగిలింది. దాన్ని పీకి అరచేతిలో పెట్టుకుంది.

"ఎప్పుడు విరిగింది?"

"నిన్న సాయంత్రం."

"పొద్దున నేను తొడుగుతుంటే పక్కనే ఉన్నారు కదా అత్తయ్యా" అంది.

"మిషన్ తీసేస్తావని భయమేసిందమ్మా. తప్పే. తీసెయ్, ఇవాళే తీసెయ్."

కోడలు చిన్నదాన్ని తువ్వాలులో చుట్టింది. నాయనమ్మ చేతులు చాపింది గానీ, ఇవ్వకుండా తన భుజానే వేసుకుంది.

"అమ్మా, నా గౌనులో కూడా సూది ఉందా?" అంది పెద్దది బిక్కమొహంతో.

"లేదు బంగారం, లేదు. దానికి ఏ సూదీ విరగలేదు" అంది నాయనమ్మ గబగబా. నూటికి నూరుపాళ్లూ నిజం.

కోడలు తలెత్తి చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒంటిచేత్తో పెద్దదాని గౌను నడుం చుట్టూ, చంకల కింద, అంచు పొడవునా నొక్కి నొక్కి వెతుకుతోంది. బస్సు వచ్చి ఆగినా లేవలేదు.